గూగులా, డేటాబేసా, ఆర్కైవా, చాట్‌బాటా: దేనికోసం ఎక్కడ వెతకాలి

మా కాలేజీ లైబ్రరీకి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు వస్తుంటారు. పోయిన వేసవిలో ఆయనకి ఓ పాత పుస్తకం కావాల్సి వచ్చింది. వాళ్ల నాన్నగారి దగ్గర ఉండేదట, పశువుల వైద్యం మీద, అట్ట ఊడిపోయిన చిన్న పుస్తకం. మనవడు గూగుల్‌లో గంటసేపు వెతికి "ఇంటర్నెట్లో లేదు తాతయ్యా" అని తేల్చేశాడు. నిజానికి ఉంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ లైబ్రరీలో స్కాన్ పెట్టి చాలా ఏళ్లయింది. కాకపోతే డేటా ఎంట్రీ చేసినాయన ఎవరో ఆ పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో, తనకు తోచిన స్పెల్లింగులో, "ద" వచ్చిన చోట డీ పక్కన ఒక హెచ్ చేర్చి, చివర "ము" తగిలించి కొట్టాడు. మనవడు కొట్టిన మాటకీ ఆయన కొట్టిన మాటకీ పొత్తు కుదరలేదు, అంతే.

ఇరవై ఏళ్లుగా జనానికి ఏదో ఒకటి వెతికిపెడుతూ నేను నేర్చుకున్నది ఇదే. మన నోటికొచ్చిన మాటని కాసేపు పక్కన పెట్టి, ఆ విషయాన్ని రాసినవాళ్లు, జాబితాకెక్కించినవాళ్లు ఏ మాట వాడి ఉంటారో ఆలోచించాలి. గూగుల్‌లో ఒకలా, కోర్టు తీర్పుల్లో ఒకలా, మెడికల్ డేటాబేసులో ఇంకోలా ఉంటుంది ఆ మాట. కాబట్టి ఎక్కడ వెతకాలన్నది ముందు తేల్చుకుంటే, ఎలా వెతకాలన్నది సగం తేలిపోతుంది.

ఒక చిన్న మనవి. కింద చెప్పే ఆదేశాలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి. నేను మాత్రం పలికినట్టు తెలుగులో రాస్తున్నాను.

గూగుల్: అన్నీ తనకే తెలుసనుకునే సహాయకుడు

గూగుల్ మనం కొట్టిన మాటల్ని ఉన్నవున్నట్టు వెతకదు. మన ఉద్దేశం ఏమై ఉంటుందో ఊహిస్తుంది, దగ్గర మాటలు కలుపుకుంటుంది, అవసరం లేదనుకున్న మాటని వదిలేస్తుంది. హోటల్ టైమింగ్స్, ప్రింటర్ చూపించే ఎర్రర్, కరెంటు బిల్లు కట్టే పేజీ ఇలాంటివాటికి ఆ ఊహే మనకి మేలు. ఒక్క సరైన జవాబు చాలు అనుకున్నప్పుడు గూగుల్‌ని మించింది లేదు. కచ్చితంగా ఈ మాటే కావాలన్నా, ఈ విషయం మీద ఉన్నవన్నీ కావాలన్నా మాత్రం ఆ ఊహే అడ్డొస్తుంది.

అప్పుడు పనికొచ్చేవి నాలుగైదే. మాటల చుట్టూ డబుల్ కొటేషన్లు పెడితే ఆ వరసలోనే ఉన్న పేజీల్ని తెస్తుంది. "సైట్" అని కొట్టి కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా వెబ్‌సైటు పేరు రాస్తే ఆ సైటులోనే వెతుకుతుంది. ప్రభుత్వ కాగితాలు కావాలంటే అక్కడ "జీఓవీ డాట్ ఇన్" అని రాస్తే సరి, యూట్యూబ్ గోల ఉండదు. "ఫైల్‌టైప్" కోలన్ పీడీఎఫ్ అంటే పీడీఎఫ్‌లు మాత్రమే వస్తాయి. వద్దనుకున్న మాట ముందు మైనస్ గుర్తు, ఆ మాటకి అతుక్కునేలా. "బిఫోర్", "ఆఫ్టర్" పక్కన కోలన్, సంవత్సరం ఇస్తే ఆ కాలానికి ముందువో తర్వాతివో తెస్తుంది. రెండు మాటల్లో ఏదున్నా ఫరవాలేదంటే మధ్యలో "ఓఆర్" పెద్దక్షరాల్లో పెట్టాలి.

వాట్సాప్‌లో తిరిగే "గూగుల్ రహస్యాలు" లిస్టుల్లో సగం చచ్చిపోయినవే. మాట ముందు ప్లస్ గుర్తు పెట్టడం 2011లోనే పోయింది. సమానార్థకాల కోసం వాడే అల గుర్తు 2013లో పోయింది. పేజీ పాత రూపం చూపించే "క్యాష్" ఆదేశం 2024లో పోయింది. ఇవి పనిచేయకపోతే మీ తప్పు కాదు. గూగుల్ ఊహల్ని పూర్తిగా ఆపాలంటే టూల్స్‌లోకి వెళ్లి "వెర్బాటిమ్" ఎంచుకోవాలి. అది ఉన్న సంగతి చాలామందికి తెలియదు. నేను రోజుకి రెండుసార్లైనా వాడతాను.

ఇక్కడ ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. హిస్టరీ పీజీ చేస్తున్న అమ్మాయి కాకతీయుల కాలపు గొలుసుకట్టు చెరువుల మీద ప్రాజెక్టు పెట్టుకుంది. "గొలుసుకట్టు చెరువులు" అని తెలుగులో కొడితే పేపర్ వార్తలు, నాయకుల ప్రసంగాలు వచ్చాయి. ప్రసంగాలతో ప్రాజెక్టు నడవదు కదా. అప్పుడు ఇద్దరం కూచుని, ఈ చెరువుల గురించి ఎవరెవరు రాస్తారో కాగితం మీద వేసుకున్నాం. ఇరిగేషన్ ఇంజనీర్లు "మైనర్ ఇరిగేషన్" అంటారు. ఇంగ్లీషులో రాసే చరిత్రకారులు, బ్రిటిష్ కాలం నుంచీ ఉన్న అలవాటు కొద్దీ "ట్యాంక్ ఇరిగేషన్" అంటారు. శ్రీలంక, తమిళనాడు చెరువుల మీద పనిచేసేవాళ్లు గొలుసుకట్టుని "ట్యాంక్ కాస్కేడ్" అంటారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ రిపోర్టుల్లో ఆ పథకం పేరే ఉంటుంది, 46 వేలకు పైగా చెరువుల లెక్క అక్కడిదే. ఇక రామప్ప, పాకాల, లక్నవరం అని చెరువుల పేర్లు ఉండనే ఉన్నాయి. ఈ మాటల్ని రెండేసి చొప్పున కలిపి కొట్టేసరికి ఆ అమ్మాయి ఒక్క సాయంత్రంలో పదిహేను మంచి పేపర్లు పోగేసింది. ముందు వారం రోజులు ఒకే మాటని అటూ ఇటూ తిప్పి కొడుతూ కూచుంది పాపం.

పైన "ఇన్ని కోట్ల ఫలితాలు" అని కనిపిస్తే దాన్ని నమ్మకండి. పేజీలు తిప్పుకుంటూ పోతే కొన్ని వందల దగ్గరే ఆగిపోతుంది.

ఒక్క విషయానికి మాత్రం గూగుల్‌ని అసలు నమ్మొద్దు: కస్టమర్ కేర్ నంబర్లు. బ్యాంకువో కొరియర్‌వో నంబరు కోసం వెతికితే పైన వచ్చేది దొంగ నంబరు కావచ్చు. పాస్‌బుక్ మీద, కార్డు వెనక, కంపెనీ సొంత యాప్‌లో ఉన్న నంబరే వాడండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

డక్‌డక్‌గో, బింగ్ సంగతి? ఇంగ్లీషు విషయాలకి పరవాలేదు. గూగుల్ ఒకే రకం పేజీల్ని మళ్లీ మళ్లీ ముందుకి తోస్తున్నప్పుడు మార్పు కోసం వాడతాను. తెలుగు పేజీల విషయంలో నా అనుభవంలో గూగుల్‌కే ఎక్కువ దొరుకుతాయి.

తెలుగు మాటతో వచ్చే చిక్కులు

ఇంగ్లీషువాళ్లు రాసిన వెతుకులాట పాఠాల్లో ఇది ఉండదు, మనకి మాత్రం సగం టెన్షన్ ఇక్కడే.

మొదటి చిక్కు విభక్తులు. ఇంగ్లీషులో ఊరి పేరు ఎక్కడున్నా ఒకేలా ఉంటుంది. మనకి విజయవాడలో, విజయవాడకు, విజయవాడలోని అని మాట చివర అతుక్కుపోతుంది. ఇంకా ఘోరం, మాటే మారిపోతుంది. "ఇల్లు" అని వెతికితే "ఇంట్లో", "ఇంటి" ఉన్న పేజీ తగలకపోవచ్చు. "ఊరు" అంటే "ఊళ్లో" రాకపోవచ్చు. గూగుల్ కొంతవరకు సర్దుకుంటుంది కానీ, చిన్న సైట్లలో ఉండే వెతికే పెట్టెలకి ఆ తెలివి ఉండదు. కాబట్టి తెలుగులో కొటేషన్ మార్కులు వాడేటప్పుడు జాగ్రత్త, ఒక్క "లో" తేడాతో మంచి పేజీ చేజారుతుంది.

రెండోది స్పెల్లింగు. పెళ్ళి, పెళ్లి. వాళ్ళు, వాళ్లు. చేశారు, చేసారు. పుస్తకం, పుస్తకము. డాక్టరు, డాక్టర్. పాత పుస్తకాల్లో అరసున్నలు, బండి "ఱ"లు. ఊళ్ల పేర్లు కూడా మారాయి, రాజమండ్రి కోసం వెతికేవాళ్లు రాజమహేంద్రవరం కూడా కొట్టాల్సిందే. రెండు రూపాల మధ్య "ఓఆర్" పెట్టడం అలవాటు చేసుకోండి.

మూడోది కంటికి కనపడనిది. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో "ట్" తర్వాత ఒక అదృశ్య అక్షరం ఉంటుంది, "వ" కిందకి వత్తుగా దిగిపోకుండా ఆపడానికి. అది లేకుండా టైపు చేస్తే "సాఫ్ట్వేర్" అవుతుంది. మనిషికి రెండూ ఒకటే, కంప్యూటరుకి రెండు వేరే మాటలు. ఒకసారి ఎక్సెల్ లిస్టులో కళ్లెదుట కనిపిస్తున్న పేరు కంట్రోల్ ఎఫ్‌కి దొరకలేదని ఒకాయన కంప్యూటర్ పాడైందనుకున్నాడు. ఇలాంటప్పుడు మాట మొత్తం కొట్టకుండా ముందు రెండు మూడు అక్షరాలతోనే వెతికితే బయటపడుతుంది.

నాలుగోది పాత ఫాంట్లు. మన డీటీపీ సెంటర్లన్నీ ఏళ్లతరబడి అను ఫాంట్ల మీద నడిచాయి, ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తున్నాయి. ఆ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్ చూడ్డానికి చక్కని తెలుగే, కాపీ చేసి ఇంకోచోట పేస్టు చేస్తే మాత్రం పిచ్చి గీతలు. గూగుల్‌కి కూడా కనిపించేది ఆ పిచ్చి గీతలే. 2000 తర్వాత కొన్నేళ్ల పాటు తెలుగు పేపర్ల వెబ్‌సైట్లు కూడా తలా ఒక సొంత ఫాంటుతో నడిచాయి. ఆ రోజుల వార్త కోసం యూనికోడ్‌లో, అంటే ఇప్పుడు అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ గుర్తించే తెలుగులో, వెతికితే ఖాళీ చేతులే. మీ దగ్గరే అలాంటి పీడీఎఫ్ ఉంటే దాని పేజీల బొమ్మల్ని గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరవండి, బొమ్మలోని తెలుగుని చదివి యూనికోడ్‌లో ఇస్తుంది. ఒత్తులు అక్కడక్కడ తప్పుతాయి గానీ వెతుక్కోవడానికి సరిపోతుంది.

ఇవన్నీ చెప్పాక చివరగా, మనవాళ్లలో చాలామంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు. యూట్యూబ్ శీర్షికలు చూడండి తెలుస్తుంది. కాబట్టి ఏ విషయమైనా మూడు చుట్లు తిరగాలి: తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. మూడు చుట్లలో మూడు వేరే లోకాలు బయటికొస్తాయి.

పాత తెలుగు పుస్తకాలు, సిద్ధాంత గ్రంథాలు

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కనిపించే పాత తెలుగు స్కాన్లలో పెద్ద భాగం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చినవి. ఆ పని పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో భాగం. దాని వెనక ఉన్నవాళ్లలో ముఖ్యుడు రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పనిచేస్తూ 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కూడా స్కానింగ్ జరిగింది. పుణ్యం కట్టుకున్నారు. అయితే పుస్తకాల వివరాలు ఎక్కించిన తీరు గురించి మాత్రం అంత మంచి మాట చెప్పలేను. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఒకే మాట నాలుగు స్పెల్లింగుల్లో ఉంటాయి. "ఆంధ్ర" అన్న మాటే ఒకచోట ఒక ఎ తో, ఇంకోచోట రెండు ఎ లతో, మరోచోట సున్న దగ్గర అపాస్ట్రఫీ గుర్తుతో దర్శనమిస్తుంది. సంవత్సరం తప్పు పడటం, రచయిత పేరు రావాల్సిన చోట ప్రచురణకర్త పేరు రావడం మామూలే.

అక్కడ నేను చేసేది ఇది. మాట మొత్తం కొట్టను. తప్పు పోవడానికి వీల్లేని ముక్క ఒకటి పట్టుకుని పక్కన చుక్క గుర్తు, అదే కీబోర్డులో ఎనిమిది మీద ఉండే నక్షత్రం, పెడతాను. మాస్టారి పుస్తకానికి "పశు" ముక్క పనికిరాలేదు, ఎందుకంటే "శ"కి ఎస్ ఒక్కటే పెట్టారో పక్కన హెచ్ కూడా పెట్టారో తెలియదు. "వైద్" ముక్క తీసుకుని నక్షత్రం పెట్టాను, భాష తెలుగు అని ఫిల్టర్ పెట్టాను, సంవత్సరం ఫిల్టర్ జోలికి పోలేదు. వచ్చిన జాబితాని పేర్లు చదవకుండా అట్టబొమ్మలు చూసుకుంటూ పోయాను. నాలుగో పేజీలో ఉంది.

పుస్తకం లోపలి మాటల్లో వెతకాలనుకుంటే ఆర్కైవ్‌లో ఆ సౌకర్యం ఉంది కానీ, పాత తెలుగు స్కాన్లలో చాలావాటికి లోపలి పాఠం సరిగా తయారవలేదు. ఆ పనికి తెలుగు వికీసోర్స్ నయం. అక్కడ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు స్కాన్ పక్కన పెట్టుకుని పేజీపేజీ టైపు చేసి, దిద్ది పెడతారు. పుస్తకాలు తక్కువ, ఉన్నవాటిలో మాట మాట దొరుకుతుంది. పాత మాటకి అర్థం కావాలంటే రెండూ వద్దు, ఆంధ్రభారతి నిఘంటు శోధనకి వెళ్లండి. ఒక్కసారి కొడితే చాలా నిఘంటువుల్లోని అర్థాలు ఒకేచోట వరసగా కనిపిస్తాయి.

పీహెచ్‌డీ గ్రంథాలకి శోధగంగ. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ దీన్ని నడుపుతుంది. యూజీసీ 2009 నిబంధనలు సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని ఇవ్వాలని పెట్టాక ఇది బాగా పెరిగింది. తెలుగు శాఖల గ్రంథాల శీర్షికలు ఒకచోట ఇంగ్లీషు అనువాదంలో, ఇంకోచోట ఇంగ్లీషు అక్షరాల తెలుగులో ఉంటాయి కాబట్టి రెండు రకాలుగానూ కొట్టండి. గ్రంథం ఒకే ఫైలుగా ఉండదు, అధ్యాయానికో పీడీఎఫ్ చేసి పెడతారు. అందరూ మొదటి అధ్యాయం తెరుస్తారు, నేను చివరిది తెరుస్తాను. అక్కడ ఉపయుక్త గ్రంథాల జాబితా ఉంటుంది. ఎవరో నాలుగైదేళ్లు లైబ్రరీల చుట్టూ తిరిగి వెతికిపెట్టిన జాబితా ఊరికే దొరుకుతుంటే మళ్లీ మొదట్నించి వెతకడం ఎందుకు?

విదేశాల్లో ఉన్న మనవాళ్లకి ఇంకో దారి ఉంది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి 1962 నుంచి ఢిల్లీలో ఆఫీసు ఉంది, తెలుగు పుస్తకాలు కూడా కొని పంపుతుంది. అమెరికా యూనివర్సిటీల్లో తెలుగు పుస్తకాల అరలు చాలావరకు అలా నిండినవే. ప్రపంచ లైబ్రరీల ఉమ్మడి జాబితా అయిన వరల్డ్‌క్యాట్‌లో వెతికితే మీకు దగ్గరలో ఏ లైబ్రరీలో ఉందో తెలుస్తుంది. వాళ్ల స్పెల్లింగు ఒక పద్ధతి ప్రకారం ఉంటుంది, "చ"కి సీ ఒక్కటే, "శ", "ష"లకి గీతలూ చుక్కలూ. గీతలు వదిలేసి ఒట్టి అక్షరాలు కొట్టినా దొరుకుతుంది.

గూగుల్ స్కాలరా, పబ్‌మెడ్డా

పరిశోధన పేపర్ల కోసం ఈ రెండింటి మధ్యే ఎక్కువమంది తికమక పడతారు. ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న అయితే నా ఓటు పబ్‌మెడ్‌కి, మిగతా అన్నిటికీ స్కాలర్‌కి.

తేడా ఎక్కడుందో మా ఇంట్లో జరిగిన సంగతితో చెబుతాను. మా ఆవిడ పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుని వెంటనే కాఫీ తాగుతుంది. అలా తాగొచ్చా? గూగుల్‌లో తెలుగులో కొడితే వీడియోలు, ఒకాయన పర్లేదంటాడు, ఒకావిడ విషమంటుంది. పబ్‌మెడ్‌లో "థైరాయిడ్ టాబ్లెట్" అని కొట్టి లాభం లేదు, పేపర్లు రాసే డాక్టర్లు ఆ మాట వాడరు. మాత్ర డబ్బా మీద చూస్తే మందు అసలు పేరు ఉంటుంది, లెవోథైరాక్సిన్. ఆ పేరూ, కాఫీ, అబ్సార్ప్షన్, ఈ మూడు మాటలు కొడితే ఒక్క తెరలో పట్టేన్ని పేపర్లు వచ్చాయి. సారాంశాలు చదివితే, వెంటనే తాగిన కాఫీ మందుని ఒంటికి పట్టనివ్వడం తగ్గించవచ్చని ఉంది. మందు ఇచ్చినప్పుడు డాక్టరుగారు కాసేపు ఆగమన్నది అందుకేనన్నమాట. ఇప్పుడు కాఫీ ఫిల్టర్‌ని గంట ఆలస్యంగా వేస్తున్నాను, ఇంట్లో గొడవ సంగతి అడక్కండి.

పబ్‌మెడ్‌ని అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడుపుతుంది, మూడున్నర కోట్లకి పైగా పేపర్ల వివరాలు ఉన్నాయి. దాని బలం మెష్ అనే పదజాలం. పేపర్లకి విషయం బట్టి ప్రామాణిక పదాలు తగిలిస్తారు. అందుకే మీరు "హార్ట్ ఎటాక్" అని కొట్టినా, డాక్టర్లు రాసే "మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్" పేపర్లు కూడా వస్తాయి, మీ మాటని వాళ్ల మాటలోకి అదే మార్చుకుంటుంది. ఇక్కడే ఒక మెలిక ఉంది. గూగుల్ అలవాటు కొద్దీ కొటేషన్ మార్కులు పెడితే ఆ మార్పిడి ఆగిపోతుంది, ఫలితాలు తగ్గిపోతాయి. అక్కడ మేలు చేసిన గుర్తే ఇక్కడ నష్టం చేస్తుంది. మాటల్ని కలపడానికి, వదిలేయడానికి వాడే ఏఎన్‌డీ, ఓఆర్, ఎన్ఓటీ మాత్రం పెద్దక్షరాల్లోనే కొట్టాలి.

స్కాలర్ 2004 నుంచి ఉంది. పేపర్ లోపలి మాటల్లోకి కూడా చూస్తుంది, సైన్సు, చరిత్ర, ఎకనామిక్స్ అన్నీ ఒకే గంపలో ఉంటాయి. మంచి జర్నలూ, డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే జర్నలూ కూడా అదే గంపలో. ఎన్ని ఉన్నా వెయ్యి ఫలితాలకి మించి చూపించదు. ఎక్కువమంది ఉటంకించిన పేపర్లు పైకొస్తాయి, అంటే సహజంగానే పాతవి. ఎడమ పక్కన సంవత్సరం ఎంచుకోకపోతే 1998 పేపరే మొదట పలకరిస్తుంది. నాకు అందులో అన్నిటికన్నా నచ్చేది ప్రతి పేపర్ కిందా ఉండే "సైటెడ్ బై" అన్న లింకు. ఒక్క మంచి పేపర్ దొరికితే చాలు, దాన్ని ఆధారం చేసుకుని తర్వాత ఎవరెవరు రాశారో అదే చెబుతుంది. చెరువుల అమ్మాయికి పదిహేనులో తొమ్మిది పేపర్లు అలా వచ్చినవే.

తీర్పులు, భూములు

కూతురికి ఉమ్మడి ఆస్తిలో వాటా గురించి అడిగేవాళ్లు నెలకొకరైనా వస్తారు. "ఆడపిల్లకి ఆస్తి హక్కు" అన్న మాట జడ్జీలు తీర్పులో రాయరు. వాళ్ల మాట "కోపార్సనర్", అంటే ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే వాటా ఉన్న మనిషి, హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 6. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనే సవరణ తెచ్చి 29ఏ చేర్చారు కాబట్టి ఆ నంబరు కూడా. 2005 కేంద్ర సవరణ, 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు. ఈ ముక్కలతో 2008 నుంచి నడుస్తున్న తీర్పుల సైటు ఇండియన్ కానూన్‌లో వెతికితే కావలసినంత సరుకు. ఆ సైటులో ఒక వింత ఉంది. మామూలు ఏఎన్‌డీ పనిచేయదు, చివరి అక్షరం రెండుసార్లు కొట్టాలి, ఏఎన్‌డీడీ, ఓఆర్ఆర్, ఎన్ఓటీటీ అని.

కానీ మీ సొంత కేసు ఏ దశలో ఉందో కావాలంటే ఇండియన్ కానూన్ వద్దు, ఈ-కోర్ట్స్‌లో మీ కేసుకి ఇచ్చిన పదహారు అక్షరాలూ అంకెల సీఎన్‌ఆర్ నంబరు కొట్టండి. సుప్రీంకోర్టు అధికారిక రిపోర్టులోని పాఠమే కావాలంటే 2023లో ఉచితంగా తెరిచిన ఈ-ఎస్‌సీఆర్.

భూమి వివరాలకి గూగుల్‌లో సర్వే నంబరు కొట్టేవాళ్లని చూశాను. ఆ వివరాలు గూగుల్ లోపలికి వెళ్లలేని డేటాబేసుల్లో ఉంటాయి. ఆంధ్రాలో మీభూమి, తెలంగాణలో ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతి, వీటి లోపలికే వెళ్లి జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు వరసగా ఇవ్వాలి. ఊహించడం, సర్దుకోవడం ఏమీ ఉండవు, సబ్ డివిజన్ నంబరు తేడా వస్తే "వివరాలు లేవు" అంటుంది. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆన్‌లైన్లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుదైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి పోక తప్పదు.

చాట్‌బాట్‌ని ఎంతవరకు

చాట్‌జీపీటీ, జెమినై లాంటివాటిని వద్దనను, నేనూ వాడతాను. పైన చెప్పిన చిక్కంతా వేరేవాళ్ల మాట పట్టుకోవడంలోనే ఉంది కదా, ఆ మాటలు అందించడంలో ఇవి దిట్ట. "గొలుసుకట్టు చెరువుల్ని ఇంగ్లీషు పరిశోధకులు ఏమేం పేర్లతో పిలుస్తారు", "ఈ సమస్యకి చట్టంలో ఏ మాట వాడతారు" అని అడగండి, పది మాటలు ఇస్తుంది. అందులో ఏడు పనికొస్తాయి. ఆ మాటలు పట్టుకుని డేటాబేసుకి వెళ్లండి.

పుస్తకం పేరు, పేపర్ పేరు, తీర్పు నంబరు మాత్రం దాని నోటి నుంచి తీసుకోవద్దు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన కేసుల్ని కోర్టులో దాఖలు చేశారు. ఆ కేసులు అసలు ఎక్కడా లేవు. జడ్జి అయిదు వేల డాలర్ల జరిమానా వేశారు. మా దగ్గర కూడా ఒక కుర్రాడు లేని పుస్తకాల లిస్టు పట్టుకొచ్చి, అవి లైబ్రరీలో ఎందుకు లేవని నాతో పోట్లాడాడు. రచయితలు నిజమైనవాళ్లే, పుస్తకాలే లేవు. ఇంటర్నెట్‌లో వెతికి లింకులు ఇచ్చే రకం చాట్‌బాట్ అయితే కొంత నయం, కానీ ఆ లింకు తెరిచి, చాట్‌బాట్ చెప్పిన మాట ఆ పేజీలో నిజంగా ఉందో లేదో కంట్రోల్ ఎఫ్‌తో చూసుకోవాలి. తెలుగు పాత పుస్తకాల విషయంలో వీటిని నేను ఇప్పటికీ దగ్గరికి రానివ్వను.

దొరికింది పోకుండా

వెతికి పట్టుకున్న పేజీ ఆర్నెల్లకి మాయమవడం మామూలే, ముఖ్యంగా నోటిఫికేషన్లు, ప్రభుత్వ పీడీఎఫ్‌లు. పేజీ అడ్రసు మీ దగ్గరుంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో పెట్టి చూడండి, పాత తారీఖుల్లో తీసిన ప్రతులు క్యాలెండర్‌లో కనిపించవచ్చు. కావలసిన పేజీ ఇప్పుడే దొరికితే దాని అడ్రసు వేబ్యాక్ మెషీన్‌లోనే ఉన్న "సేవ్ పేజ్ నౌ"లో ఇచ్చి దాచండి, పైసా ఖర్చు లేదు.

ఇంకొకటి, ఏ మాటతో ఎక్కడ వెతికారో రాసిపెట్టుకోండి. నా టేబుల్ మీద దీనికోసం ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. మాస్టారి పుస్తకం పేజీలో ఇప్పటికి పద్నాలుగు స్పెల్లింగులు ఉన్నాయి. పుస్తకం దొరికిందిగా, ఇంకా ఎందుకంటారా? దొరికిన స్కాన్‌లో గాలికుంటు వ్యాధి దగ్గర రెండు పేజీలు లేవు, స్కాన్ చేసేటప్పుడు ఒకేసారి రెండు కాగితాలు తిరిగిపోయినట్టున్నాయి. ఒకే పుస్తకాన్ని రెండు మూడు లైబ్రరీల నుంచి తెచ్చి విడివిడిగా స్కాన్ చేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇంకో ప్రతి ఇంకేదో స్పెల్లింగు కింద ఉండే ఉంటుందని మాస్టారి నమ్మకం. ప్రతి శనివారం వస్తారు, ఇద్దరం పదిహేనో స్పెల్లింగు ఏమై ఉంటుందా అని ఆలోచిస్తాం.